పాత లాప్‌టాప్‌లో పాత ఆటలు, వాటి మోడ్‌లు: ప్రిన్స్ నుంచి మన చిన్న రైలు దాకా

చిన్నప్పుడు పర్లాకిమిడిలో మా వీధి మొత్తానికి టీవీ గేమ్ ఉన్న ఇల్లు ఒక్కటే. బడి వదలగానే గుంటలందరం అక్కడే చేరేవాళ్ళం. పసుపు రంగు కాసెట్ మీద వందల ఆటలున్నాయని రాసి ఉండేది. తిప్పి తిప్పి చూస్తే ఓ ఇరవై ఆటలే మళ్ళీ మళ్ళీ వచ్చేవి. కాసెట్ అడుగున ఉఫ్ అని ఊది, గట్టిగా నొక్కితే గానీ బొమ్మ వచ్చేది కాదు. మేం ఎక్కువగా ఆడింది ట్యాంకుల ఆట. ఇద్దరం చెరో ట్యాంకు తీసుకుని అడుగున ఉన్న గద్ద బొమ్మను కాపాడాలి. పడవ గుర్తు దొరికిందంటే ట్యాంకు నీళ్ళ మీద కూడా వెళ్ళిపోయేది.

చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, 1985లో నామ్కో కంపెనీ తెచ్చిన అసలు ‘బ్యాటిల్ సిటీ’లో ఆ పడవే లేదని. మేం ఆడింది ‘ట్యాంక్ 1990’. అసలు ఆటను ఎవరో విప్పి, కొత్త వస్తువులు కలిపి, మళ్ళీ కాసెట్‌లోకి ఎక్కించిన ప్రతి అది. అంటే మోడ్ అనే మాట తెలియకముందే మనం మోడ్‌లు ఆడాం. ఒకరు చేసిన ఆటను ఇంకొకరు తెరిచి మార్చితే అదే మోడ్. ఇప్పుడు ఆ పని అభిమానులు ఇష్టంగా చేసి, ఎవరైనా ఆడుకోవడానికి ఉచితంగా ఇస్తున్నారు.

ఇది మన ఆంధ్ర–ఒడిశా సరిహద్దు ఊళ్ళవాళ్ళ కోసం రాస్తున్నాను. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, ఎక్కడైనా సరే ఇంట్లో పాత లాప్‌టాప్ ఒకటి మూల పడి ఉంటుంది. ప్లస్ టూలో మంచి మార్కులు వచ్చాయని ఒడిశా ప్రభుత్వం అన్నయ్యకో అక్కకో ఇచ్చినది కావచ్చు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది కావచ్చు. కొత్త ఆటలు దాని మీద తెరుచుకోవు. నేను చెప్పబోయేవి చాలావరకు దాని మీదే హాయిగా నడుస్తాయి. వీటిలో కొన్ని ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో కంటే చిన్నవి, కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్‌తోనే దించుకోవచ్చు.

ముందు చోటు సర్దుకోండి

సి డ్రైవ్‌లోనో డి డ్రైవ్‌లోనో ‘గేమ్స్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఫోల్డర్ చేయండి. పేరులో తెలుగు, ఒడియా అక్షరాలు వద్దు, ఖాళీలు కూడా వద్దు. పాత ప్రోగ్రాములు అలాంటి పేర్లు చదవలేక ఏ కారణమూ చెప్పకుండా ఆగిపోతాయి. విండోస్ తన ప్రోగ్రాములు పెట్టుకునే ఫోల్డర్‌లో వీటిని పెట్టకండి. అక్కడ ఆట తన సేవ్ ఫైలు రాసుకోవడానికి అనుమతి దొరక్కపోవచ్చు. లోపల మూడు ఫోల్డర్లు చాలు: దించినవి ఒకదాంట్లో, ముట్టుకోని అసలు ప్రతులు ఒకదాంట్లో, ఆడేవి ఒకదాంట్లో.

జిప్ ఫైలు దించాక దాన్ని పూర్తిగా విప్పాకే ఆట తెరవండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మా అక్క కొడుకు జిప్ లోపలే డబుల్ క్లిక్ చేసి మూడు రోజులు ఆడాడు. విండోస్ ఆ ఫైళ్ళను తాత్కాలికంగా ఎక్కడో విప్పి నడిపిస్తుంది కదా, వాడు చేసిన సేవ్‌లు అక్కడే ఉండి, అక్కడే పోయాయి. ఆరో లెవెల్ దాకా వెళ్ళిన పిల్లాడు మొదటి లెవెల్ చూసి ఏడ్చాడు. కుడి మీట నొక్కి ‘ఎక్స్‌ట్రాక్ట్ ఆల్’ అనండి, ఆ తర్వాతే ఆడండి.

ఎక్కడినుంచి దించుతున్నారో కూడా చూసుకోండి. ఆట పేరు కొట్టగానే ముందు వచ్చే సైట్లలో పెద్ద ఆకుపచ్చ బటన్ ఉంటుంది, అది చాలాసార్లు ప్రకటనే. ఒకసారి నేను అలాంటిదే నొక్కితే బ్రౌజర్ నిండా పిచ్చి ప్రకటనలు చేరాయి, తీసేసరికి ఒక ఆదివారం పోయింది. ఆట చేసినవాళ్ళ సొంత పేజీ నుంచో, ప్రోగ్రాములు పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో వాళ్ళు పెట్టిన చోటు నుంచో మాత్రమే తీసుకోండి. ఈఎక్స్‌ఈ ఫైలు, అంటే నొక్కితే నడిచే ప్రోగ్రామ్ ఫైలు మీద అనుమానం ఉంటే, వైరస్ ఉందో లేదో చూసిపెట్టే వైరస్‌టోటల్ సైట్‌కు పంపి చూడండి.

తెలిసిన ఆటతో మొదలు: ప్రిన్స్

కంప్యూటర్ నేర్చుకోవడానికి ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళిన మా తరం వాళ్ళకి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ గురించి చెప్పక్కర్లేదు. ‘ప్రిన్స్ మెగాహిట్’ అని కొట్టి తెరిస్తే చీట్‌లు పనిచేస్తాయని సార్ లేనప్పుడు ఒకరికొకరం చెప్పుకున్నాం. జోర్డన్ మెక్నర్ దాన్ని 1989లో యాపిల్ టూ కంప్యూటర్ కోసం చేశాడు. తన తమ్ముడు పరుగెత్తడం, దూకడం వీడియో తీసి, ఆ కదలికల్ని చూసి బొమ్మలు గీశాడు. అందుకే ఇప్పటికీ ఆ పరుగు నిజం మనిషి పరుగులా ఉంటుంది. పోయిందనుకున్న అసలు ప్రోగ్రామ్ డిస్కులు దొరికాక 2012లో ఆ కోడ్‌ను అందరికీ చూపించాడు.

మనకు కావలసింది ‘ఎస్‌డీఎల్ పాప్’. విండోస్‌కు ముందు కంప్యూటర్లలో ఉన్న డాస్ కోసం వచ్చిన వెర్షన్‌ను అభిమానులు విప్పి చదివి, ఇప్పటి కంప్యూటర్లకు తిరిగి రాసింది ఇది. ఎస్, డి, ఎల్, పి, ఓ, పి అని ఇంగ్లీషులో కలిపి కొట్టి వెతకండి.

1. విప్పిన ఫోల్డర్‌లో ‘ప్రిన్స్’ అనే ఫైలు తెరిచి ముందు అసలు ఆటే రెండు లెవెల్‌లు ఆడండి. వేళ్ళకు పాత అలవాటు తిరిగి రావాలి.

2. ఎఫ్6 నొక్కితే ఉన్నచోటే సేవ్, ఎఫ్9 నొక్కితే అక్కడికే తిరిగి వస్తారు. ఊరికే రాదు, మీకున్న 60 నిమిషాల్లోంచి కొంత కోసుకుంటుంది. కాబట్టి ముళ్ళ గుంట దగ్గర ప్రతిసారీ ఎఫ్9 కొట్టకండి.

3. పాపాట్ డాట్ ఓఆర్‌జీ అనే సైట్‌లో అభిమానులు చేసిన లెవెల్‌లు పదుల కొద్దీ ఉన్నాయి. ఒకటి దించి, దాని ఫోల్డర్‌ను ఎస్‌డీఎల్ పాప్‌లో ఉన్న ‘మోడ్స్’ ఫోల్డర్ లోపల పెట్టండి.

4. ‘ఎస్‌డీఎల్ పాప్ డాట్ ఐఎన్ఐ’ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ‘లెవెల్‌సెట్’ అనే లైన్ దగ్గర ‘ఒరిజినల్’ అని ఉంటుంది. అది తీసేసి మోడ్ ఫోల్డర్ పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా రాసి సేవ్ చేయండి.

5. మోడ్‌తో వచ్చిన చిన్న టెక్స్ట్ ఫైలు తప్పకుండా చదవండి. కష్టం ఎంతో, ఏది కొత్తగా పెట్టారో అందులోనే ఉంటుంది. చాలా మోడ్‌లు అసలు ఆటను ఆరేడుసార్లు పూర్తిచేసినవాళ్ళ కోసం చేసినవి. మొదటి గదిలోనే చచ్చిపోయారంటే తప్పు మీది కాదు, ఇంకో మోడ్ చూడండి.

ఈ ఆటను నేను ముందు పెట్టడానికి ఇంకో కారణం ఉంది. దీనికి సొంతంగా లెవెల్ చేయడం పదేళ్ళ పిల్లలకు కూడా వస్తుంది. ఒక్కో లెవెల్‌లో 24 గదుల దాకా పెట్టుకోవచ్చు. ఒక్కో గది అంటే పక్కకు 10 గళ్ళు, కిందికి 3 వరసలు, అంతే. మొత్తం 30 గళ్ళు. గళ్ళ లెక్కల నోట్‌బుక్ తీసుకుని ఒక గది గీయండి: ఇక్కడ నేల, ఇక్కడ ముళ్ళు, ఇక్కడ తలుపు, ఆ తలుపు తెరిచే మీట పై గదిలో. పెన్సిల్‌తో గీసిన ఆ గదిని ‘ఎపొప్లెక్సీ’ అనే ఉచిత ఎడిటర్‌లో గడి గడి పెట్టుకుంటూ పోతే అదే లెవెల్. మీ మీట మీరు నొక్కితే మీ తలుపు గరగరమని పైకి లేవడం చూడాలి. నేను చేసిన మొదటి గదిలో మీట పెట్టి, దానికి తలుపు కలపడం మర్చిపోయాను. అలా కలిపే పని ఎడిటర్‌లో విడిగా చేయాలి, గుర్తుంచుకోండి.

డాస్ ఆటలు రెండు

డాస్ ఆటలను ఇప్పటి కంప్యూటర్లలో నడిపించే డాస్‌బాక్స్ దించుకోండి. దానికి కమాండ్లు నేర్చుకోవాలని చాలామంది భయపడతారు. అక్కర్లేదు. ఆట ఫోల్డర్‌లో ఉన్న ఈఎక్స్‌ఈ ఫైలును మౌస్‌తో లాక్కొచ్చి డాస్‌బాక్స్ గుర్తు మీద వదిలేయండి, ఆట తెరుచుకుంటుంది. ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే ఫుల్ స్క్రీన్. ఆట నత్తనడక నడుస్తుంటే కంట్రోల్‌తో ఎఫ్12, మరీ పరుగెడుతుంటే కంట్రోల్‌తో ఎఫ్11. మౌస్ ఇరుక్కుపోతే కంట్రోల్‌తో ఎఫ్10.

మొదట ‘స్కైరోడ్స్’ ఆడండి. 1993లో ఎస్టోనియాలో బ్లూమూన్ అనే చిన్న బృందం చేసింది. స్కైప్ వెనక ప్రోగ్రామింగ్ చేసిన ముగ్గురు ఆ బృందం వాళ్ళే. తర్వాత దీన్ని ఉచితంగా వదిలేశారు. ఆకాశంలో వేలాడే రోడ్డు మీద ఒక చిన్న ఓడను నడపాలి, కింద పడకూడదు. పది లోకాలు, లోకానికి మూడు రోడ్లు. ఇంధనం, ఆక్సిజన్ రెండూ తరిగిపోతుంటాయి, నీలం పలక మీదుగా వెళ్తే నిండుతాయి, ఎర్ర పలక తగిలితే పేలిపోతారు. ఒక్కో రోడ్డు మీద గురుత్వాకర్షణ వేరు. దూకే ముందు ఆ మీటరు చూడటం అలవాటు చేసుకోండి. వేగంగా పోవడం కంటే ఎక్కడ మెల్లగా పోవాలో తెలియడమే ఈ ఆట.

రెండోది ‘టైరియన్’. 1995 నాటి విమానాల కాల్పుల ఆట, 2004లో ఉచితమైంది. దీనికి డాస్‌బాక్స్ కూడా అక్కర్లేదు, అభిమానులు తయారుచేసిన ‘ఓపెన్ టైరియన్’ నేరుగా నడుస్తుంది. సంగీతం కోసమైనా ఒకసారి ఆడండి.

ప్యాచ్ వేయడం ఎలా

కాసెట్ ఆటల మోడ్‌లు చాలావరకు ప్యాచ్ రూపంలో వస్తాయి. ప్యాచ్ అంటే ఆట కాదు, తేడా మాత్రమే. ఏ చోట ఏ అంకె తీసి ఏ అంకె పెట్టాలో రాసిన చీటీ లాంటిది. ఐపీఎస్ రకం ప్యాచ్ ఒకదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. మొదటి ఐదు అక్షరాలు ఇంగ్లీషులో ‘ప్యాచ్’ అని, చివర ‘ఈఓఎఫ్’ అని ఉంటుంది. మధ్యలో ఉన్నదంతా మనకు అర్థం కాని గుర్తులే. నేను మొదటిసారి చూసినప్పుడు, ఇంత పెద్ద మార్పు ఇంత చిన్న ఫైలులో పట్టిందా అని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

‘ఫ్లిప్స్’ అనే చిన్న ప్రోగ్రామ్ దించండి. ‘అప్లై ప్యాచ్’ నొక్కితే ముందు ప్యాచ్ అడుగుతుంది, తర్వాత అసలు ఆట ఫైలు అడుగుతుంది, ఆఖర్న కొత్త ఫైలుకు పేరు అడుగుతుంది. ఎప్పుడూ కొత్త పేరే ఇవ్వండి, అసలు ప్రతి మీద రాయనివ్వకండి.

బీపీఎస్ రకం ప్యాచ్ అయితే మీ అసలు ఫైలు సరైనదో కాదో ముందే సరిచూసుకుని, కాకపోతే వేయనంటుంది. ఐపీఎస్‌కు ఆ తెలివి లేదు. తప్పు ఫైలు ఇచ్చినా వేసేస్తుంది, తర్వాత తెర నిండా చెత్త బొమ్మలు వస్తాయి. అలా జరిగితే ప్యాచ్‌తో వచ్చిన టెక్స్ట్ ఫైలులో ఏ ప్రతి మీద వేయాలన్నారో చూడండి. సూపర్ నింటెండో అనే టీవీ గేమ్ యంత్రం ఆటల్లో కొన్ని ప్రతులకు ముందు 512 బైట్ల హెడర్ అనే ముక్క అదనంగా అతుక్కుని ఉంటుంది. సగం గొడవలు దాని వల్లే.

ఈ ప్యాచ్‌ల వల్ల జరిగిన మంచి పనుల్లో నాకు బాగా నచ్చింది అనువాదం. ‘మదర్ 3’ అనే ఆట 2006లో జపాన్‌లో మాత్రమే వచ్చింది, ఇంగ్లీషులో కంపెనీ తేలేదు. అభిమానులే కూర్చుని మొత్తం ఇంగ్లీషులోకి మార్చి 2008లో ఉచితంగా ఇచ్చారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు చదువుకునే మనకు ఆ కష్టం విలువ ఇంకొంచెం ఎక్కువ తెలుస్తుంది.

ఒక మాట మాత్రం నిజాయితీగా చెప్పుకోవాలి. ప్యాచ్ ఉచితమే, దాని కింద ఉండే అసలు ఆట మీద హక్కు మాత్రం కంపెనీదే. మీ సొంత కాసెట్ నుంచి తీసుకున్న ప్రతి మీదే వేయాలి. మన ఊళ్ళలో అసలు కాసెట్ దొరకడం కష్టం. అందుకే పాత యంత్రం కోసం ఈ కాలంలో అభిమానులు కొత్తగా రాసి, ఉచితంగా ఇచ్చిన ఆటలతో మొదలుపెట్టమంటాను. షిరు అనే ప్రోగ్రామర్ 2011లో ఇచ్చిన ‘ఆల్టర్ ఈగో’ అలాంటిది. మీరు ఎడమకు కదిలితే మీ నీడ మనిషి అద్దంలోలా కుడికి కదులుతుంది, కొన్నిసార్లు మాత్రమే అతనితో చోటు మార్చుకోవచ్చు. ‘నోవా ద స్క్విరెల్’ ఇంకొకటి, మారియో ఆడిన చేతులకు వెంటనే పట్టుబడుతుంది. పాత టీవీ గేమ్ యంత్రం పని కంప్యూటర్‌లోనే చేసే ప్రోగ్రామ్‌ను ఎమ్యులేటర్ అంటారు. ‘మెసెన్’ అనే ఎమ్యులేటర్‌లో ఫైలు తెరిస్తే చాలు. ఎమ్యులేటర్‌లో కీబోర్డ్ సెట్టింగ్‌లోకి వెళ్ళి రెండో ఆటగాడికి కూడా మీటలు పెట్టుకోండి, ఇద్దరూ ఒకే కీబోర్డ్ మీద ఆడొచ్చు.

పిల్లలకు కాల్పుల ఆట ఇవ్వాలా వద్దా

ఇది అమ్మానాన్నలు నన్ను అడిగే ప్రశ్న. దానికి నా దగ్గరున్న జవాబు ‘చెక్స్ క్వెస్ట్’. 1996లో అమెరికాలో చెక్స్ అనే టిఫిన్ గింజల డబ్బాలో సీడీ పెట్టి ఇచ్చిన ఆట ఇది. 1993 నాటి ‘డూమ్’నే తీసుకుని, రక్తం లేకుండా మొత్తం మార్చేశారు. చేతిలో ఉన్నది తుపాకీ కాదు, ‘జార్చర్’. జిగురు జీవుల మీద దాన్ని నొక్కితే అవి చావవు, తమ లోకానికి తిరిగి వెళ్ళిపోతాయి. ఆ బృందంలో ఒకరు 2008లో ‘చెక్స్ క్వెస్ట్ 3’ కూడా చేసి ఉచితంగా ఇచ్చారు. డూమ్ తరహా ఆటలను నడిపించే ‘జీజెడ్‌డూమ్’ అనే ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో దాని వాడ్ ఫైలు, అంటే ఆట లెవెల్‌లూ బొమ్మలూ ఉండే ఫైలు పెట్టి తెరవండి. లాప్‌టాప్ మరీ పాతదై జీజెడ్‌డూమ్ మొరాయిస్తే ‘ఎల్‌జెడ్‌డూమ్’ ప్రయత్నించండి, అది పాత యంత్రాల కోసమే చేసింది. పెద్దవాళ్ళు డూమ్ తరహా ఆటే కావాలంటే, బొమ్మలూ శబ్దాలూ అన్నీ అభిమానులే కొత్తగా చేసిన ‘ఫ్రీడూమ్’ ఉంది.

కథ ఇష్టపడేవాళ్ళు పాత కథల ఆటలను నడిపించే ‘స్కమ్‌వీఎం’ పెట్టుకోండి, ఫోన్‌లో కూడా వస్తుంది. 1994 నాటి ‘బినీత్ ఎ స్టీల్ స్కై’ని దాన్ని చేసిన కంపెనీయే 2003లో ఉచితం చేసింది. ‘యాడ్ గేమ్’ నొక్కి ఫోల్డర్ చూపిస్తే సరిపోతుంది. సబ్‌టైటిల్స్ పెట్టుకుని, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదువుతూ ఆడండి. నెమ్మదైన ఆట, తొందరపడితే నచ్చదు.

జపాన్‌లో ‘పిక్సెల్’ అనే పేరుతో డైసుకే అమయా ఒక్కడే ఐదేళ్ళు కూర్చుని చేసిన ‘కేవ్ స్టోరీ’ కూడా వదలొద్దు. 2004లో ఉచితంగా ఇచ్చాడు, ఇంగ్లీషులోకి మార్చింది అభిమానులే. కొనే వెర్షన్ వేరే ఉంది, మీకు కావలసింది ఆ మొదటి ఉచిత వెర్షన్.

ఇద్దరు ఒకే కీబోర్డ్ మీద పోట్లాడుకోవాలంటే ‘ది ఉర్-క్వాన్ మాస్టర్స్’. 1992 నాటి ‘స్టార్ కంట్రోల్ 2’ ఇదే. 2002లో దాని కోడ్ బయటికి వచ్చాక, పేరు మీద హక్కు వేరేవాళ్ళది కాబట్టి ఈ పేరు పెట్టుకున్నారు. ‘సూపర్ మెలే’లోకి వెళ్తే కథ లేకుండా ఓడల పోరు ఒక్కటే ఆడొచ్చు. కథ ఆడాలనుకుంటే మాత్రం పక్కన నోట్‌బుక్ పెట్టుకోండి, నక్షత్రాల అంకెలు రాసుకోకపోతే దారి తప్పుతారు.

ఇక మన చిన్న రైలు

నేను అన్నిటికంటే ఎక్కువ గంటలు కూర్చున్నది ‘ఓపెన్ టీటీడీ’ అనే రవాణా కంపెనీ నడిపే ఆట దగ్గర. క్రిస్ సాయర్ 1994లో చేసిన ‘ట్రాన్స్‌పోర్ట్ టైకూన్’కు, మరుసటేడు వచ్చిన డీలక్స్ వెర్షన్‌కు ఇది వారసుడు. 2004లో మొదలైంది. అభిమానులు బొమ్మలు, శబ్దాలు, సంగీతం కూడా సొంతంగా చేసుకోవడంతో అసలు ఆట సీడీ అవసరం లేకుండా పోయింది. 2010లో 1.0 వెర్షన్ వచ్చింది, ఇప్పటికీ కొత్తవి వస్తూనే ఉన్నాయి.

2004లోనే మన నౌపడా–గుణుపురం నారో గేజ్ రైలు ఆగిపోయింది. 1900లో పర్లాకిమిడి మహారాజు నౌపడా నుంచి మన ఊరికి వేయించిన లైను అది, 1931 నాటికి గుణుపురం చేరింది. పట్టాల మధ్య వెడల్పు 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. మొత్తం 90 కిలోమీటర్లు. 2011లో గుణుపురానికి బ్రాడ్ గేజ్ వచ్చింది, మంచిదే. కానీ ఆ చిన్న పెట్టెల్లో పాతపట్నం వెళ్ళినవాళ్ళకు ఆ కుదుపు ఇంకా గుర్తుంటుంది. ఆ లైను ఈ ఆటలో మళ్ళీ వేయొచ్చు. ఎలాగో చెబుతాను.

మొదటిసారి తెరవగానే బొమ్మల ప్యాక్ దించమంటారా అని అడుగుతుంది, అవునని చెప్పండి. వెంటనే మన లైను మొదలుపెట్టకండి, ముందు 128 గళ్ళ చిన్న మ్యాప్‌లో ఒక్క బొగ్గు రైలు నడపండి. ఆట 1950లో మొదలవుతుంది, చేతిలో అప్పు తెచ్చిన సొమ్ము ఉంటుంది. బొగ్గు గనికీ కరెంటు ప్లాంటుకూ మధ్య నలభై, యాభై గళ్ళు దూరం ఉండేలా చూసుకోండి, దూరం పెరిగితే కిరాయి పెరుగుతుంది. రెండు చివర్లా స్టేషన్లు పెట్టి, పట్టాలు కలిపి, పక్కన డిపో కట్టండి. రైలు పట్టాల డబ్బా తెరిచి ‘ఏ’ మీట నొక్కితే మౌస్‌తో గీసినట్టే పట్టాలు పడతాయి. డిపోలో ‘కిర్బీ పాల్ ట్యాంక్’ ఆవిరి ఇంజన్, దాని వెనక బొగ్గు పెట్టెలు కొనండి. ఆర్డర్లలో గని దగ్గర ‘ఫుల్ లోడ్’ పెట్టండి, రెండో ఆర్డర్ ప్లాంటు. వదలండి.

రెండో రైలు కొన్న రోజు నాకు చిక్కు వచ్చింది. సిగ్నల్ లేకుండా ఒకే పట్టా మీద రెండు రైళ్ళు నడపబోయాను, మొదటిది పట్టా మీద ఉన్నంతసేపూ రెండోది డిపోలోంచి బయటికే రాలేదు. కాబట్టి రెండో రైలుకు ముందే ఇది నేర్చుకోండి. మన చిన్న రైలుది సింగిల్ లైన్. సింగిల్ లైన్‌లో మధ్య మధ్య స్టేషన్ దగ్గర రెండు పట్టాల లూప్ కావాలి, ఒక బండి ఆగి ఇంకో బండికి దారి ఇవ్వడానికి. లూప్‌లో ఒక పట్టా వెళ్ళే బండ్లకు, ఒక పట్టా వచ్చే బండ్లకు. బండి లూప్ వదిలి సింగిల్ లైన్‌లోకి దిగే చోట, అది వెళ్ళే దిశకే ‘వన్-వే పాత్ సిగ్నల్’ పెట్టండి. రెండు పట్టాలకూ అంతే, లూప్‌కు రెండు సిగ్నల్‌లు. ముందున్న లూప్ ఖాళీ అయ్యేదాకా బండి అక్కడే ఆగుతుంది. లూప్‌లోకి వచ్చే వైపు ఏ సిగ్నలూ వద్దు. ముందు రెండు బండ్లతో నడపండి, అవి ఎక్కడ తారసపడుతున్నాయో చూసి మూడోది కొనండి. లూప్‌ల కంటే బండ్లు ఎక్కువైతే అన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగి కూర్చుంటాయి.

ఇది చేతికి వచ్చాక మోడ్‌ల దగ్గరికి రండి. ఈ ఆటలో మోడ్‌లను ‘న్యూజీఆర్ఎఫ్’ అంటారు. ‘చెక్ ఆన్‌లైన్ కంటెంట్’ నొక్కితే ఆటలోంచే దించుకోవచ్చు, ఏ సైట్‌కూ వెళ్ళక్కర్లేదు. ‘ఐరన్ హార్స్’ అనే రైళ్ళ ప్యాక్‌లో నారో గేజ్ ఇంజన్లు ఉన్నాయి. దాని వివరణ చదివి, నారో గేజ్ పట్టాల కోసం అది సూచించే ప్యాక్ కూడా తీసుకోండి. రెండూ కొత్త ఆట మొదలుపెట్టే ముందే ‘న్యూజీఆర్ఎఫ్ సెట్టింగ్స్’లో చేర్చండి. నడుస్తున్న ఆటలో ప్యాక్‌లు కలపడం, తీయడం చేస్తే ఆ సేవ్ పాడైపోవచ్చు. ఆట హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరిక వినండి.

తర్వాత ‘సినారియో ఎడిటర్’ తెరిచి 256 గళ్ళ మ్యాప్ తీసుకోండి. కిలోమీటరుకు రెండు గళ్ళు అనుకుంటే 90 కిలోమీటర్లకు 180 గళ్ళు, చక్కగా పడుతుంది. ఒక అంచున సముద్రం, దాని దగ్గర నౌపడా. నౌపడా నుంచి ఓ ఎనభై గళ్ళ దూరంలో పర్లాకిమిడి, ఆ మధ్యలో టెక్కలి, పాతపట్నం. పర్లాకిమిడి దాటాక కాశీనగరం, చివర గుణుపురం. నది మీటతో గుణుపురం పక్కనుంచి కాశీనగరం వైపు వంశధారను దించండి. మహేంద్రగిరి వైపు నేలను పైకి లేపండి, లైను వెళ్ళే దారి మాత్రం చదునుగా ఉంచండి, ఆవిరి ఇంజన్ ఎత్తు ఎక్కేటప్పుడు బాగా నెమ్మదిస్తుంది. గుణుపురం దగ్గర ఒక అడవి, టెక్కలి దగ్గర ఒక కోత మిల్లు పెడితే జనంతో పాటు కలపకూ పని దొరుకుతుంది. ఊళ్ళ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి, తెలుగు అక్షరాలు తెర మీద సరిగ్గా కూడకపోవచ్చు.

ఈ మ్యాప్ ‘సినారియో’ ఫోల్డర్‌లో ఒకే ఒక్క ఫైలుగా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లోనో వాట్సాప్‌లోనో రాయగడలో ఉన్న మీ బావకి పంపండి. ఆయన దగ్గర ప్యాక్‌లు లేకపోతే ఆట ఆ పేర్లు చూపించి, ఆన్‌లైన్‌లో వెతికి దించమంటారా అని అడుగుతుంది. ఆయనా అదే లైను వేస్తారు, మీ ఇద్దరి లైన్లూ ఒకేలా ఉండవు.

నా లైను పూర్తయిన రోజు నాన్నను పిలిచి పక్కన కూర్చోబెట్టాను. నౌపడాలో బండి బయలుదేరింది. టెక్కలిలో ఆగింది, పాతపట్నంలో ఆగింది. నాన్న కళ్ళజోడు సర్దుకుని తెరకు దగ్గరగా వంగి, “ఒరే, టెంబూరు ఏదిరా?” అన్నారు.

వేసిన లైనులో స్టేషన్ కలపడం ఇలా. బండ్లన్నీ ఆపండి. టెక్కలికీ పాతపట్నానికీ మధ్య తిన్నగా ఉన్న చోట నాలుగు గళ్ళ పట్టా పీకి, అక్కడ ఒక్క ప్లాట్‌ఫారం స్టేషన్ పెట్టండి. పేరు మీద నొక్కి టెంబూరు అని మార్చండి. ఇప్పుడు బండి ఆర్డర్ల జాబితా తెరిచి, వెళ్ళేటప్పుడు పాతపట్నానికి ముందు ఒకసారి, వచ్చేటప్పుడు టెక్కలికి ముందు ఒకసారి దాన్ని చేర్చండి. రెండోది మర్చిపోతే తిరుగు బండి టెంబూరులో ఆగకపోవచ్చు.